ఆప్‌యాంప్ మారిస్తే సౌండ్ నిజంగా మారుతుందా?

కోఠి_బోర్డు:
నెల రోజులు కూర్చుని సీమాయ్ హెడ్‌ఫోన్ యాంప్ కట్టాను. తెలియనివాళ్ల కోసం చెప్తున్నా, 9 వోల్టుల బ్యాటరీ, సిగ్నల్‌ను పెంచే ఆప్‌యాంప్ చిప్పు ఒకటి, గుప్పెడు రెసిస్టర్లు, అంతా కలిపి పిప్పరమెంట్ డబ్బాలో పట్టేస్తుంది. మార్చి మార్చి వినొచ్చని చిప్పును సోల్డర్ చేయకుండా 8 కాళ్ల సాకెట్ పెట్టా. ఆప్‌యాంప్‌లలో ఎన్ఈ5532 గుజరాతీ గల్లీలో దొరికింది, ఓపీఏ2134 ఆన్‌లైన్‌లో తెప్పించా. 5532 పెడితే పాట మందంగా, మసకగా ఉంది. 2134 పెట్టగానే గొంతు తేటగా వచ్చింది. మా రూమ్‌మేట్ మాత్రం ఇదంతా భ్రమ, ఎక్కువ డబ్బులు పెట్టావు కాబట్టి బాగుందనుకుంటున్నావ్ అంటాడు. రెండు రోజులుగా ఇదే గొడవ. ఎవరిది కరెక్ట్? హెడ్‌ఫోన్ 32 ఓమ్, గెయిన్ 11, అంటే వచ్చిన సిగ్నల్‌ను 11 రెట్లు చేస్తుంది.

సోల్డర్_వాసన:
తమ్ముడూ, నువ్వు విన్నది భ్రమ కాదనే నా నమ్మకం. కానీ అది 5532 సౌండూ కాదు. 5532 ఇన్‌పుట్‌లో ఉన్నవి బైపోలార్ ట్రాన్సిస్టర్లు, అవి పనిచేయాలంటే కాస్త కరెంటు లోపలికి పోవాలి, కంపెనీ ఇచ్చే వివరాల కాగితం, అదే డేటాషీట్ ప్రకారం మామూలుగా 200 నానోయాంప్‌లు. నీ సర్క్యూట్‌లో ఆ కరెంటుకు ఉన్న దారి ఇన్‌పుట్ నుంచి గ్రౌండుకు పెట్టిన 100కే, అంటే లక్ష ఓమ్‌ల రెసిస్టర్ ఒక్కటే. లెక్క వేస్తే దాని మీద 20 మిల్లీవోల్టులు పడతాయి, దాన్ని నీ గెయిన్ 11 రెట్లు చేస్తుంది, అంటే పాట ఆపేసినా అవుట్‌పుట్‌లో 220 మిల్లీవోల్టుల డీసీ, అంటే ఊగకుండా నిలిచిపోయే వోల్టేజీ, అలాగే ఉంటుంది. 32 ఓమ్‌లలోకి అది దాదాపు 7 మిల్లీయాంప్‌లు. మధ్యలో ఉండాల్సిన డయాఫ్రమ్‌ను, అదే హెడ్‌ఫోన్‌లో కదిలి సౌండ్ పుట్టించే పొరను, ఓ పక్కకు తోసిపెట్టి పాట వింటున్నావన్నమాట. ప్లగ్ పెట్టగానే టప్ మని చప్పుడు వస్తోందా? అదే ఇది. 2134 ఇన్‌పుట్‌లో ఫెట్‌లనే ఇంకో రకం ట్రాన్సిస్టర్లు ఉంటాయి, వాటికి ఆ కరెంటు దాదాపు అక్కర్లేదు, అందుకే దానికి ఈ బాధ లేదు.

ఇంకోటి, టీఐ (టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్) వాళ్ల 5532 డేటాషీట్ ప్లస్ మైనస్ 5 వోల్టులకు తగ్గకుండా ఇమ్మంటుంది. నీ 9 వోల్టుల బ్యాటరీని సగం చేస్తే, కొత్తదైనా వచ్చేది ప్లస్ మైనస్ నాలుగున్నరే. 2134కి రెండున్నర చాలు. 1979లో వచ్చిన చిప్పు 5532, మనం వినే రికార్డింగులు ఎన్నో అలాంటి చిప్పులు వరసగా ఉన్న మిక్సర్లు దాటి వచ్చినవే. అక్కడ మసకగా లేనిది నీ డబ్బాలోకి రాగానే మసకైతే తప్పు చిప్పుది ఎలా అవుతుంది? మీటర్‌ను డీసీలో పెట్టి, హెడ్‌ఫోన్ తీసేసి, అవుట్‌పుట్ కొలిచి ఇక్కడ పెట్టు.

వీణ_చెవి:
సోల్డర్_వాసన గారూ, ప్రతిదాన్నీ లెక్కల్లోకి దించేయడం నాకు నచ్చదండీ. 20 ఏళ్లుగా కడుతున్నాను, ఓపీఏ627 అనే ఆప్‌యాంప్ పెట్టినప్పుడు వీణ తీగ మీటిన తర్వాత మిగిలే ఆ నాదం వేరే చిప్పులో నాకు దొరకలేదు. మీరు చెప్పే డేటాషీట్‌లో 2134 డిస్టార్షన్ 0.00008 శాతం అని రాసింది 2కే లోడుకి, అంటే అవుట్‌పుట్‌కి 2000 ఓమ్‌లు తగిలించినప్పటికి. మనం తగిలించేది 32 ఓమ్‌లు. వాళ్లు కొలవని చోట మనం వింటున్నాం, అలాంటప్పుడు చెవిని కాక దేన్ని నమ్మాలి?

సోల్డర్_వాసన:
లోడు సంగతి నూటికి నూరు పాళ్లు నిజం, ఒప్పుకుంటున్నా. 32 ఓమ్‌లను నేరుగా లాగమంటే ఈ చిప్పులన్నీ ఒకేలా ఉండవు. 5532 అయినా 2134 అయినా షార్ట్ చేస్తే ఇచ్చేది సుమారు 40 మిల్లీయాంప్‌లే, దాని దగ్గరికి పోయేకొద్దీ డిస్టార్షన్ పెరుగుతుంది. 2011లో వచ్చిన ఓ2 అనే హెడ్‌ఫోన్ యాంప్‌లో అందుకే గెయిన్‌కి ఒక చిప్పు వాడి, హెడ్‌ఫోన్‌ను లాగడానికి 70 మిల్లీయాంప్‌లిచ్చే ఎన్‌జేఎం4556 చిప్పులో ఉండే రెండు ఆప్‌యాంప్ సగాలనూ కలిపి పెట్టారు. పేరు చూస్తే ఎవరూ మురిసిపోయే చిప్పు కాదది, పనికి సరిపోయింది కాబట్టి తీసుకున్నారు.

కానీ నాదం విషయంలో ఒక్కటి అడుగుతానండీ. మీరు చిప్పు తీసి, ఇంకోటి పెట్టి, మళ్లీ వినేసరికి ఎంత టైమ్ పడుతుంది? ఆలోపు ముందు విన్నది ఎంత గుర్తుంటుంది? రెండు బోర్డుల మీద పోలిస్తే ఇంకో చిక్కు, 5 శాతం రెసిస్టర్లయితే రెండిటి గెయిన్‌కీ ఒకటిన్నర డెసిబెల్ దాకా తేడా రావచ్చు, ఆ కాస్త ఎక్కువ సౌండ్ వచ్చేదే మనకు తేటగా అనిపిస్తుంది. నేను 1 శాతం రెసిస్టర్లతో రెండు బోర్డులు కట్టి, ఒకదాంట్లో 2134, ఇంకోదాంట్లో ఎల్ఎం4562 అనే మరో ఆప్‌యాంప్ పెట్టి, డీసీ చూసుకుని, లెవెల్ 0.1 డెసిబెల్ లోపు కలిపి, మా చెల్లిని వెనక కూర్చోబెట్టి స్విచ్ మార్పించాను. 16 సార్లలో 9 సార్లు సరిగ్గా చెప్పా. ఊరికే ఊహించినా 8 వస్తాయి. 12 వచ్చుంటే నమ్మేవాణ్ణి, అది ఊహతో రావడానికి నూటికి నాలుగు పాళ్లు కూడా అవకాశం లేదు. మొదలుపెట్టే ముందు కళ్లు మూసుకున్నా పట్టేస్తాననే అనుకున్నాను. మీరూ ఒకసారి ఇలా చేసి చూడండి, మీకు 12 వస్తే నేనే వచ్చి ఇక్కడ నా మాట వెనక్కి తీసుకుంటా. ఈ 4562తోనే ఇంకో జాగ్రత్త, బ్యాండ్‌విడ్త్ 55 మెగాహెర్ట్జ్, అంటే చాలా వేగమైన చిప్పు, సప్లై కాళ్ల పక్కనే 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ లేకపోతే ఆసిలేట్ అవ్వొచ్చు, అంటే పాట లేకున్నా తనంతట తానే సిగ్నల్ పుట్టిస్తుంది, వేలు పెడితే చిప్పు కాలుతుంటుంది, పాట గరగరలాడుతుంది. దాన్ని కూడా ఈ చిప్పు హార్ష్‌గా ఉందని రాసేవాళ్లను చూశాను.

వీణ_చెవి:
పరీక్ష చేస్తాను. 627 చిప్పులో ఒక్క ఆప్‌యాంపే ఉంటుంది కదా, అడాప్టర్ మీద రెండు పెట్టాలి, రెండో బోర్డుకి కొంచెం టైమ్ ఇవ్వండి.

కోఠి_బోర్డు:
అన్నా, కొలిచా. 5532తో ఎడమ 190, కుడి 205 మిల్లీవోల్టులు, రెండూ మైనస్. 2134తో 4, 3. ప్లగ్ పెట్టేటప్పుడు టప్ మనడం కూడా నిజమే, జాక్ లూజు అనుకున్నా ఇన్నాళ్లూ. నువ్వు చెప్పిన లెక్క ప్రకారమే 100కే తీసి 10కే పెట్టా, డీసీ 20కి దిగింది. కానీ ఇప్పుడు బేస్ అసలు లేదు, తబలా డొక్కు డబ్బాలా ఉంది. మరి ఇది 5532 సౌండే కదా?

సోల్డర్_వాసన:
కాదు తమ్ముడూ. ఇన్‌పుట్‌లో 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ అలాగే ఉంచావు కదా? 100కేతో అది 16 హెర్ట్జ్ కంటే కింది సౌండ్‌ను కోస్తుంది, 10కేతో 160 దగ్గరే కోసేస్తుంది, తబలాలో బేస్ ఇచ్చే ఎడమ వాద్యం, బాయా, మొత్తం అక్కడే పోయింది. అది తీసి 2.2 మైక్రోఫారడ్ ఫిల్మ్ కెపాసిటర్ పెట్టు, కోత 7కి దిగుతుంది.

కోఠి_బోర్డు:
పెట్టా. బాయా వచ్చేసింది. ఇప్పుడు రూమ్‌మేట్ చిప్పులు మారుస్తుంటే నేను అటు తిరిగి కూర్చున్నా, పది సార్లలో ఆరు చెప్పగలిగా. మిగతా ఆరు సార్లు రేపు రాత్రి, వాడికి నిద్రొస్తోంది.