మట్టిపట్టీపై పాదముద్రలు చెదరకుండా ఉండాలంటే ఏ మట్టి వాడాలి?

కడప జిల్లా లంకమల అడవి అంచున ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు ఆరుబయట ప్రకృతి పాఠాలు చెబుతున్నాను. 1986లో ఈ జిల్లా చిట్టడవుల్లోనే మళ్లీ కనిపించిన కలివికోడి అనే అరుదైన పక్షి జాడ కోసం పరిశోధకులు మెత్తటి మట్టిపట్టీలు పరిచినట్టే, మేమూ అడవి బయట ఐదు మీటర్ల పట్టీ పరిచి, రాత్రి తిరిగిన జీవులను పిల్లలచేత గుర్తింపజేస్తున్నాం. సాయంత్రం 6 గంటలకు జల్లించి పరిచిన ఎర్రమట్టిలో, ఉదయం 6:30కల్లా ముద్రల అంచులు రాలి, వేళ్ల గుర్తులన్నీ కలిసి ఒక్క గుంటగా మిగులుతున్నాయి. అది ముంగిసో కుందేలో తేలడం లేదు. నీళ్లు చిలకరిస్తే పైన పెచ్చు కట్టింది. పెన్నా ఇసుక సగానికి సగం కలిపితే మరింత జారింది. ఆశగా వంగి చూసిన పిల్లలు ఉసూరుమంటూ లేవడం బాధగా ఉంది. ఫిబ్రవరి, మార్చి నెలల పొడి గాలిలో ముద్ర తెల్లవారేదాకా నిలవాలంటే ఏ మట్టిని, ఏ పాళ్లలో కలపాలి?