క్లోపిడోగ్రెల్ వాడుతున్నవారు ఒమెప్రజోల్ వేసుకోవచ్చా?

మా నాన్నగారికి 68 ఏళ్లు. గుండెకు స్టెంటు వేసి నాలుగు నెలలైంది. రక్తం గడ్డకట్టకుండా రోజూ ఆస్పిరిన్ 75, క్లోపిడోగ్రెల్ 75 మిల్లీగ్రాముల మాత్రలు వేసుకుంటున్నారు, ఒక్క పూట కూడా మానలేదు. కడుపులో మంటకని ఆయనే మందుల షాపులో అడిగి తెచ్చుకున్న ఒమెప్రజోల్ అట్టలో ఇప్పటికే ఆరు గుళికలు ఖాళీ అయ్యాయి. క్లోపిడోగ్రెల్ కాలేయంలో సి.వై.పి.2సి19 అనే ఎంజైమ్ సాయంతో మారితేనే ప్లేట్‌లెట్లు గుంపుకట్టకుండా ఆపగలదనీ, ఆ ఎంజైమ్‌నే ఒమెప్రజోల్ అడ్డుకుంటుందనీ చదివినప్పటి నుంచి నాకు భయంగా ఉంది. రెండింటినీ పొద్దున ఒకటి, రాత్రి ఒకటి వేసుకున్నా ఆ ప్రభావం తప్పదా? ఒమెప్రజోల్ లాంటిదే మరో అసిడిటీ మందు పాంటోప్రజోల్‌కు మారడమే మేలా? ఆస్పిరిన్ వల్ల కడుపులో రక్తస్రావమయ్యే ప్రమాదం కూడా ఉంది కనుక, అసిడిటీ మందును పూర్తిగా మాన్పించడానికి మనసొప్పడం లేదు. సోమవారం డాక్టరుగారిని కలవబోతున్నాం. ఆయనను ఏమేమి అడగాలో ఫార్మకాలజీ తెలిసినవారు దయచేసి చెప్పగలరు.