పాత టైర్ల నుంచి తీసే కార్బన్‌కు గిరాకీ ఉందా? వరంగల్ దగ్గర యూనిట్ పెట్టొచ్చా?

కాజీపేట జంక్షన్
అందరికీ నమస్తే. మా బావ, నేను కలిసి మడికొండ అవతల టైర్ పైరాలసిస్ యూనిట్, అంటే పాత టైర్లను గాలి తగలకుండా వేడి చేసి ఆయిల్, నల్ల పొడి తీసేది, పెట్టాలని చూస్తున్నాం. మెషీన్ అమ్మేవాళ్లు లెక్క కట్టి ఇచ్చారు. ఆయిల్‌కి ఇంత, ఇనుప తీగకి ఇంత, చివర్లో "కార్బన్ బ్లాక్, టైర్ కంపెనీలే కొంటాయి" అని ఒక లైను. చూస్తే మా లాభమంతా ఆ ఒక్క లైను మీదే నిలబడి ఉంది. ఆ పొడిని నిజంగా ఎవరు కొంటారు, ఏ రేటుకు కొంటారు, ముందు ముందు గిరాకీ పెరుగుతుందా? బ్యాంకులో పెట్టేది మా మామయ్య పొలం కాగితాలు. అందుకే టెన్షన్‌గా ఉంది.

మిక్సింగ్ మిల్లు
మాది నర్సంపేట. జీడిమెట్లలో రబ్బర్ మ్యాట్లు, గ్యాస్కెట్లు, హోస్ పైపులు చేసే యూనిట్‌లో మిక్సింగ్ చూస్తాను. ఇలాంటి పొడి శాంపిళ్లు మా దగ్గరికి వస్తూనే ఉంటాయి కాబట్టి కొనేవాళ్ల వైపు నుంచి చెప్తా.

రియాక్టర్‌లోంచి బయటికొచ్చేది చార్. దాన్ని మెత్తగా మరపట్టి, తీగ ముక్కలు మాగ్నెట్‌తో తీసేసి, గుళికలు కట్టిన తర్వాతే రికవర్డ్ కార్బన్ బ్లాక్ అని అమ్మగలం. కొత్త కార్బన్ బ్లాక్‌లో, అంటే రబ్బరుకి బలం కోసం ఫ్యాక్టరీలో చేసే నల్ల పొడిలో, బూడిద సాధారణంగా 1 శాతం లోపే. చార్‌లో 15 నుంచి 20 శాతం, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. టైర్ చేసేటప్పుడు వేసిన జింక్ ఆక్సైడ్, సిలికా ఆవిరైపోవు కదా, అన్నీ ఆ పొడిలోనే మిగులుతాయి. పైగా ఒకే టైర్‌లో ట్రెడ్‌కి ఒక గ్రేడు, సైడ్‌వాల్‌కి ఇంకో గ్రేడు బ్లాక్ వాడతారు. చార్‌లో అవన్నీ కలిసిపోతాయి. అందుకని ఎంత బాగా చేసినా ట్రెడ్‌కి వాడే ఎన్220, ఎన్330 లాంటి గట్టి గ్రేడుల స్థానంలో అది నిలబడదు. ఎన్660, ఎన్774 లాంటి మామూలు గ్రేడులు వాడే చోట, అదీ కొంత శాతం కలిపి వాడతాం.

శాంపిల్ రాగానే ముందు వేళ్ల మధ్య నలిపి చూస్తాం. గరగరలాడితే అక్కడితో సరి. లేకపోతే రెండు రోళ్ల మిల్లు మీద కాంపౌండ్ కలిపి, షీటు తీసి బ్లేడుతో కోస్తాం. బ్లాక్ బాగా కలిస్తే కోత నున్నగా, అంతటా ఒకే నలుపుగా ఉంటుంది. మరపట్టడం సరిగ్గా లేకపోతే కోతలో నూకల్లాంటివి కనబడతాయి. హోస్ పైపు పగిలేది సరిగ్గా అక్కడే.

అయితే ఒక్క శాంపిల్ బాగున్నంత మాత్రాన ఆర్డర్ రాదు. మూడో లోడు, పదో లోడు కూడా మొదటిదానిలాగే ఉండాలి. చాలామంది ఓడిపోయేది ఇక్కడే. మొదటి లోడు చూసి ఫార్ములా సెట్ చేసుకుంటాం, తర్వాతి లోడుకి బూడిద మారిపోతుంది, మా ప్రెస్ దగ్గర సరుకంతా రిజెక్ట్ అవుతుంది. ఆ మనిషి తర్వాత ఎంత తక్కువ రేటు చెప్పినా మా మేనేజర్ వినడు.

గ్రానైట్ బండి
కరీంనగర్ నుంచి. మా బండ్లు గ్రానైట్ తోలతాయి. లారీ టైర్ అరిగితే నేరుగా స్క్రాప్‌కి పోదు. ముందు బటన్ వేయిస్తాం, అంటే అరిగిన టైర్ మీద కొత్త ట్రెడ్ అతికిస్తాం. కేసింగ్, అంటే టైర్ ఒళ్లు, బాగుంటే మళ్లీ వేయిస్తాం. ఆ తర్వాతే అమ్మేది. కాబట్టి ఇక్కడ ఇన్ని లారీలు తిరుగుతున్నాయి, టైర్లకి కొదవ లేదు అనుకోవద్దు తమ్మీ. కొనడానికి వచ్చే బేరగాళ్లు హైదరాబాద్ వైపు నుంచి కూడా వస్తారు. పండగ ముందు, వర్షాకాలంలో రేటు ఎటు పోతుందో ఎవరికీ తెలియదు. రా మెటీరియల్‌కి ఎవరితోనైనా రాసుకున్న ఒప్పందం ఉందా మీకు?

కాజీపేట జంక్షన్
ఒప్పందం లేదన్నా. ఆటోనగర్‌లో స్క్రాప్ షాపుల వాళ్లతో నోటిమాటే. బయటి దేశాల నుంచి తెప్పించుకోవచ్చని మెషీన్ వాళ్లు అన్నారు.

ఫిల్టర్ పేపర్
ఆ మాట నమ్మకండి. పైరాలసిస్ ఆయిల్ కోసం, చార్ కోసం పాత టైర్లు దిగుమతి చేసుకోవడాన్ని 2022 నిబంధనలు నిషేధించాయి. ఈ ముక్క తెలియకుండా మెషీన్ అమ్ముతున్నారంటే మిగతా లెక్క కూడా మళ్లీ చూసుకోవాల్సిందే.

నేను కెమికల్ ఇంజినీర్‌ని. గ్రానైట్ బండి గారు టైర్ల సంగతి ఎత్తారు కాబట్టి ఒకటి కలుపుతా. లారీ టైర్‌లో సహజ రబ్బరు ఎక్కువ, సిలికా తక్కువ. ఇప్పటి కార్ల టైర్లలో, ముఖ్యంగా మైలేజీ కోసం చేసేవాటిలో, సిలికా బాగా వేస్తారు. అందుకే లారీ టైర్ల చార్‌లో బూడిద కాస్త తక్కువగా, నిలకడగా వస్తుంది. ఉత్తర తెలంగాణలో టిప్పర్లు, ఇసుక లారీలు, గ్రానైట్ బండ్లు ఎక్కువ కాబట్టి వేరు చేసి కొనగలిగితే అది మీకు కలిసొచ్చే విషయమే. అన్నీ కలిపి రియాక్టర్‌లో తోస్తే ఆ లాభం పోయినట్టే.

ల్యాబ్ లేకుండా మీరే చేసుకోగల పరీక్ష ఒకటుంది. కొంచెం పొడి టోలుయీన్ అనే ద్రావకంలో వేసి కుదిపి, వడకట్టండి. దిగిన ద్రవం నీళ్లలా తేటగా ఉంటే పైరాలసిస్ పూర్తయినట్టు. పసుపు, గోధుమ రంగు దిగితే పొడిలో ఇంకా ఆయిల్ మిగిలి ఉంది. అలాంటి సరుకుతో చేసిన కాంపౌండ్ వాసన కొడుతుంది, పక్కన పెట్టిన లేత రంగు వస్తువుకి మరక అంటుతుంది. టోలుయీన్‌కి మంట తొందరగా అంటుకుంటుంది, ఆరుబయట చేయండి. ల్యాబ్‌లో ఇదే పనిని ట్రాన్స్‌మిటెన్స్ శాతంగా, అంటే ఆ ద్రవంలోంచి ఎంత వెలుతురు దాటిందనే లెక్కగా కొలుస్తారు. రికవర్డ్ బ్లాక్‌కి వేరే కొలతలు కావాలనే పరీక్షా ప్రమాణాలు రాసే అంతర్జాతీయ సంస్థ ఏఎస్‌టీఎం 2017లో డీ36 అనే కమిటీ వేసింది. పెద్ద కొనుగోలుదారు ఎవరైనా ఆ భాషలోనే రిపోర్టు అడుగుతారు.

కాజీపేట జంక్షన్
యాసిడ్‌తో కడిగితే బూడిద తగ్గుతుందట కదా?

ఫిల్టర్ పేపర్
జింక్ చాలావరకు దిగుతుంది. సిలికా మామూలు యాసిడ్‌కి దిగదు. పైగా ఆ కడిగిన నీళ్లు ఎక్కడ పోస్తారు? ట్రీట్‌మెంట్ ప్లాంట్ ఖర్చు కలిపితే మీ స్థాయిలో గిట్టదు.

ఊరి పక్క
వ్యాపారం మాటలు బాగున్నాయి. నేను ఇలాంటి యూనిట్‌కి ఆనుకుని ఉన్న ఊళ్లో ఉంటా. పేరు చెప్పను. రాత్రి పదకొండు తర్వాత గేటు మూసి రియాక్టర్ తెరుస్తారు. పొద్దున లేచేసరికి దండెం మీద బట్టలు, తులసి కోట, బర్రెల కుడితి తొట్టి, అన్నింటి మీదా నల్లటి పొర. తుడిస్తే పోదు, జిడ్డుగా సాగుతుంది. మా అత్తమ్మకి ఆస్తమా. చలికాలం ఆమె కిటికీలు తెరవనివ్వదు. కాలుష్య నియంత్రణ బోర్డుకి దరఖాస్తు ఇచ్చాం, తనిఖీకి వచ్చిన రోజు పొగ ఉండదు.

2019లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి హరిత ట్రిబ్యునల్‌కి ఇచ్చిన లెక్కలో 19 రాష్ట్రాల్లో 637 యూనిట్లు ఉంటే, 270 నిబంధనలు పాటించడం లేదు, 116 మూతపడ్డాయి. మీరు పెట్టేదాని పక్కన కూడా ఊళ్లున్నాయి. చార్ ఎలా బయటికి తీస్తారో ముందు అది చెప్పండి అన్నా.

ప్లాంటు షిఫ్ట్
ఊరి పక్క గారు చెప్పింది అక్షరాలా నిజం. నేను బ్యాచ్ ప్లాంట్‌లో, అంటే ఒక విడత టైర్లు అయ్యాక రియాక్టర్ తెరిచి ఖాళీ చేసే రకంలో, షిఫ్ట్ ఇన్‌ఛార్జ్‌గా చేశాను. ఆ నలుపంతా చార్ తీసేటప్పుడే వస్తుంది. రియాక్టర్ పూర్తిగా చల్లారాలంటే గంటలు పడుతుంది, కానీ తర్వాతి బ్యాచ్ ఎక్కించాలని ఓనర్ ఒత్తిడి. వేడి మీద తలుపు తీస్తే లోపలి గ్యాస్‌కి గాలి తగిలి భగ్గుమంటుంది. చార్ కూడా గాలి తగిలి కణకణలాడుతూ కాలుతుంది. అలా కాలిన చార్‌లో కార్బన్ పోయి బూడిద శాతం పెరుగుతుంది. అంటే కూలీల ప్రాణానికి ముప్పు తెచ్చేది, ఊరికి మసి కొట్టేది, సరుకు రేటు పడగొట్టేది, మూడూ ఒకే తొందరపాటు. మూసి ఉన్న స్క్రూ కన్వేయర్, నీళ్ల జాకెట్‌తో చల్లార్చడం, లోపలికి గాలి రాకుండా నైట్రోజన్, ఇవి కొటేషన్‌లో ఉన్నాయా చూడండి. లేకపోతే అది చౌక మెషీన్ కాదు, సగం మెషీన్.

లెక్క విషయం. టైర్ బరువులో ఆయిల్ 40 నుంచి 45 శాతం, చార్ 30 నుంచి 35 శాతం, మిగతాది తీగ, గ్యాస్. గ్యాస్ అక్కడే పొయ్యికి వాడేస్తారు. నడిచేదంతా ఆయిల్ మీదే. ఆయిల్ రేటు ఫ్యాక్టరీ బాయిలర్లలో కాల్చే ఫర్నేస్ ఆయిల్‌ని బట్టి పోతుంది. క్రూడ్ పడిపోయిన రోజుల్లో ఆయిల్‌లో ఏమీ మిగలదు, అప్పుడు చార్ ఆదుకోవాలి. కానీ కొత్త కార్బన్ బ్లాక్ చేసేది కూడా పెట్రోలియం, తారు నూనెల నుంచే. కాబట్టి క్రూడ్ పడితే దాని రేటూ పడుతుంది, మన పొడిని ఎవరూ చూడరు. రెండు దెబ్బలూ ఒకేసారి తగులుతాయి. మెషీన్ వాళ్ల లెక్కలో ఈ కాలమ్ ఉండదు. మరపట్టని చార్‌ని మా ఓనర్ ఇంధనం కింద అమ్మేవాడు, లోడింగ్ కూలీ పోను పెద్దగా ఏమీ వచ్చేది కాదు.

మిక్సింగ్ మిల్లు
మార్కెట్ ఎటు పోతుందని అడిగారు కదా. నా లెక్కలో గిరాకీ పెరుగుతుంది, అందులో అనుమానం లేదు. మిషలిన్, బ్రిడ్జ్‌స్టోన్ టైర్ కంపెనీలు రెండూ కలిసి 2021లోనే రికవర్డ్ బ్లాక్ వాడకం పెంచాలని పిలుపునిచ్చాయి. అప్పటికి ప్రపంచంలో కొత్త టైర్లకు వాడే కార్బన్ బ్లాక్‌లో 1 శాతం కూడా పాత టైర్ల నుంచి రావడం లేదని వాళ్లే చెప్పారు. కాంటినెంటల్ అనే ఇంకో టైర్ కంపెనీ జర్మనీలో పైరమ్ అనే కంపెనీ దగ్గర తీసుకున్న సరుకుని మొదట ఫోర్క్‌లిఫ్ట్‌ల గట్టి టైర్లలో పెట్టింది. ఎక్కడ మొదలుపెట్టారో గమనించండి, నూరు కిలోమీటర్ల స్పీడులో పోయే కారు టైర్‌లో కాదు. రష్యా కార్బన్ బ్లాక్‌ని యూరప్ 2024 జూలై నుంచి ఆపేసింది, దాంతో అక్కడివాళ్లు భారత్ సహా వేరే చోట్ల సరుకు వెతుక్కుంటున్నారు.

మన దేశంలో కూడా 2022 జూలై నిబంధనల ప్రకారం టైర్ కంపెనీలు పాత టైర్ల రీసైక్లింగ్ బాధ్యత తీసుకోవాలి. 2022-23లో 35 శాతం, మరుసటి ఏడాది 70, 2024-25 నుంచి 100. రిజిస్టర్ అయిన రీసైక్లర్ దగ్గర సర్టిఫికెట్లు కొంటారు. అది మీకు అదనపు ఆదాయం, కానీ దాని మీదే ప్రాజెక్టు నిలబెట్టొద్దు. దాని ధర మీ చేతిలో ఉండదు.

ఈ గిరాకీ అంతా పరీక్ష పాసైన సరుకుకి. మామూలు చార్‌కి ఇప్పుడున్న రేటే రేపూ ఉంటుందని నా అభిప్రాయం. సదాశివపేట ఎంఆర్ఎఫ్ టైర్ ఫ్యాక్టరీ గేటు దగ్గరికి మొదటి ఏడాదే వెళ్లాలని కల కనొద్దు. మ్యాట్లు, చెప్పుల సోల్, సాధారణ హోస్, ప్లాస్టిక్ పైపులకి నలుపు రంగు ఇచ్చే గుళికలు (మాస్టర్‌బ్యాచ్), వీటితో మొదలుపెట్టండి. కన్వేయర్ బెల్టు కవర్ రబ్బర్ తర్వాతి మెట్టు. రామగుండం, భూపాలపల్లి బొగ్గు గనుల్లో బెల్టులు ఎంత వాడతారో మనకి తెలిసిందే.

గ్రానైట్ బండి
పొలం కాగితాలు బ్యాంకులో పెట్టకముందే కొనేవాళ్ల దగ్గర రాతపూర్వకంగా ఏదైనా తెచ్చుకో తమ్మీ. నేను చెప్పేది అంతే.

కాజీపేట జంక్షన్
అందరికీ చాలా థ్యాంక్స్. బావతో మాట్లాడాను, అడ్వాన్స్ ఆపేశాం. ఊరి పక్క అక్కా, మూసిన కన్వేయర్ లేని మెషీన్ మేము తీసుకోం. మహారాష్ట్ర వైపు నడుస్తున్న ప్లాంట్ ఒకటి చూపిస్తామంటున్నారు, అక్కడి నుంచి చార్ తెచ్చి పరీక్ష చేయించాలనుకుంటున్నాం. మిక్సింగ్ మిల్లు గారూ, జీడిమెట్ల తెస్తే ఒకసారి చూస్తారా?

మిక్సింగ్ మిల్లు
తప్పకుండా తెండి. లారీ టైర్ల చార్ ఒక సంచి, కార్ల టైర్లది ఇంకో సంచి, వేరుగా కట్టించండి. ఏ బ్యాచ్, ఎంత వేడి దగ్గర తీశారు, ఎన్ని గంటలు చల్లార్చారు అనేది సంచి మీదే రాయించండి. వాళ్లు ఎంచి పెట్టిన సంచి వద్దు, మీరే అప్పటికప్పుడు రియాక్టర్ దగ్గర నింపించుకోండి. అదే ప్లాంట్ నుంచి నెల తర్వాత మళ్లీ రెండు సంచులు తెస్తే, అప్పుడు నాలుగూ కలిపి మిల్లు మీద వేద్దాం.