ఆదిత్య 369లో ఏ భాగం కెమెరా ఎవరిది? తెలిసినవాళ్ళు చెప్పండి

అందరికీ నమస్కారం. వచ్చే ఆదివారం మా ఇంట్లో పదిమంది ఫ్రెండ్స్ కలిసి ఆదిత్య 369 చూస్తున్నాం. సినిమా అయ్యాక దాని గురించి ఒక పావుగంట మాట్లాడే పని నా నెత్తిన పడింది. కాస్త టెన్షన్‌గానే ఉంది, ఎందుకంటే వచ్చేవాళ్ళలో ఇద్దరికి డైలాగులన్నీ కంఠతా వచ్చు.

1991లో సింగీతం శ్రీనివాసరావు గారు తీసిన ఈ టైమ్ మెషీన్ సినిమాకి పీసీ శ్రీరామ్, వీఎస్ఆర్ స్వామి, కబీర్‌లాల్ ముగ్గురూ ఛాయాగ్రాహకులు. వర్తమానం ఒకరు, 1526 నాటి విజయనగరం ఒకరు, 2504 నాటి భవిష్యత్తు ఒకరు తీశారని విన్నాను. ఇది నిజమేనా? మధ్యలో చేతులు మారిన సన్నివేశాలేమైనా ఉన్నాయా? రాయలవారి కొలువులోకి వెళ్ళగానే వెలుగే మారిపోయినట్టు నాకనిపిస్తుంది. అది కావాలని చేసిందా, లేక నా దగ్గరున్న పాత ప్రింటు మహిమా అన్నది తేలడం లేదు. (అందులో హీరో కృష్ణకుమార్ చొక్కా రంగు సీనుకొకలా కనిపిస్తుంది!)

ఇంకో సందేహం. రాయల కాలంలో వచ్చే "జాణవులే" పాటకి, అప్పటికే పాత తరం గాయని అయిన జిక్కి గారిని తీసుకోవాలన్న ఆలోచన ఇళయరాజా గారిదా, దర్శకుడిదా? నాకైతే సినిమా మొత్తంలో అంతకన్నా తెలివైన ఎంపిక లేదు.

వీటి గురించి ఆ యూనిట్‌వాళ్ళు ఎక్కడైనా మాట్లాడిన ఇంటర్వ్యూ గానీ, అప్పటి పత్రికల్లో వచ్చిన వ్యాసం గానీ మీకు గుర్తుంటే పేరు, నెల చెప్పండి చాలు, వెతుక్కుంటాను. శనివారం లోపు చెబితే మరీ మంచిది.