ఐసీఎల్ సైజు: ఒకరు 12.6 అన్నారు, ఇంకొకరు 13.2 అన్నారు. ఏది పెట్టించుకోవాలి?

కళ్లజోడు_గుంటూరు:
నాకు రెండు కళ్లకూ మైనస్ 11, కొంచెం సిలిండర్ కూడా ఉంది. కార్నియా పల్చగా ఉంది, లేసిక్ కుదరదు, ఐసీఎల్, అంటే కంటి లోపల అమర్చే లెన్స్, పెట్టించుకోమన్నారు. గుంటూరులో వైట్ టు వైట్, అదే నల్లగుడ్డు అడ్డం కొలత, 11.6 ఎంఎం వచ్చింది. 12.6 లెన్స్ అన్నారు. హైదరాబాద్‌లో ఇంకో చోట చూపిస్తే 11.7 వచ్చింది, 13.2 అన్నారు. ఏసీడీ, అంటే కార్నియా నుంచి సొంత లెన్స్ దాకా లోతు, రెండు చోట్లా 3.1 ఎంఎం. "చెప్పుల షాపువాడు కూడా ఇంతకంటే నమ్మకంగా సైజు చెబుతాడు కదే" అంటోంది మా అమ్మ. ఒక్క పాయింటుకే లెన్స్ మారిపోతుందా?

ఆప్టోమెట్రిస్ట్_వరంగల్:
మారుతుందండీ. ఇద్దరూ తప్పు చెప్పలేదు. ఈవో రకం ఐసీఎల్‌కి ఉన్నవి నాలుగే సైజులు: 12.1, 12.6, 13.2, 13.7. కంపెనీ పట్టిక ప్రకారం ఏసీడీ 3.5 లోపు ఉంటే 11.6 దాకా 12.6, 11.7 నుంచి 13.2. మీరు సరిగ్గా గట్టు మీద ఉన్నారు. అసలు లెన్స్ కూర్చునేది ఐరిస్ వెనక గాడిలో. అది బయటికి కనబడదు కాబట్టి నల్లగుడ్డు కొలిచి లోపలిది అంచనా వేస్తారు. మీలాంటి వాళ్లకి యూబీఎం, అంటే కంటి అల్ట్రాసౌండ్ స్కాన్, చేయిస్తే మంచిది. చుక్కల మందు వేసి, కంటి మీద నీళ్ల కప్పు పెట్టి ఆ గాడినే కొలుస్తారు, నొప్పి ఉండదు. కాంటాక్ట్ లెన్సులు వాడుతుంటే ఎన్ని రోజుల ముందు ఆపాలో అడగండి.

విశాఖ_తమ్ముడు:
అక్కా, నాకు రెండు కళ్లకూ 13.2 పెట్టారు. కుడి కన్ను బంగారం. ఎడమ కంట్లో మాత్రం వాల్ట్, అంటే పెట్టిన లెన్స్‌కీ మన సొంత లెన్స్‌కీ మధ్య సందు, 1100 మైక్రాన్లు వచ్చింది. సాధారణంగా 250 నుంచి 750 మధ్య ఉంటే బాగుంటుందట. లెన్స్ పెద్దదై ఐరిస్‌ని ముందుకు తోసింది, ప్రెషర్ పెరిగింది, రాత్రంతా తలనొప్పి. మూడో వారంలో అది తీసి 12.6 పెట్టారు. రెండోసారి థియేటర్‌లోకి వెళ్లేటప్పుడు పడ్డ టెన్షన్ మొదటిసారి పడలేదు. అలాగని చిన్నదే నయం అనుకోకు. సందు మరీ తగ్గితే సొంత లెన్స్‌కి శుక్లం వచ్చే ప్రమాదం ఉందట. నీది సిలిండర్ లెన్స్ కాబట్టి వదులైతే తిరిగిపోయి చూపు మసకేస్తుంది కూడా. మార్చాల్సి వస్తే ఆ ఖర్చు ఎవరిదో ముందే అడుగు. నేను అడగలేదు.

కళ్లజోడు_గుంటూరు:
థాంక్స్ తమ్ముడూ, థాంక్సండీ. ఫోన్ చేస్తే గుంటూరులో యూబీఎం లేదన్నారు, హైదరాబాద్‌లో ఉందట. అడిగితే గానీ చేయరేమో! గురువారం వెళ్తున్నాను. రెండు కళ్లకూ విడివిడిగా కొలవమని, మార్పిడి ఖర్చు సంగతి కాగితం మీద రాసివ్వమని అడుగుతాను. అమ్మ కూడా వస్తానంటోంది, చెప్పుల మాట అక్కడ ఎత్తకపోతే చాలు.