ఖర్చయ్యాక ఆమోదం: అనుబంధ పద్దులు ఉత్త తంతేనా?

కృష్ణాతీరం:
మార్చిలో కొత్త బడ్జెట్ హడావుడి మధ్య పాత ఏడాది అనుబంధ పద్దులు (సప్లిమెంటరీలు), అంటే బడ్జెట్‌లో ఇచ్చింది చాలక ప్రభుత్వం అదనంగా అడిగేవి, సభ ముందుకొస్తాయి. మూజువాణి ఓటుతో గట్టెక్కుతాయి. ఏడాది ముగియడానికి అప్పటికి రోజులే మిగిలుంటాయి, డబ్బులో చాలాభాగం ఖర్చయిపోయి ఉంటుంది. చట్టం చేయకుండా రాష్ట్ర సంచిత నిధి, అంటే ప్రధాన ఖజానా నుంచి పైసా తీయకూడదని రాజ్యాంగం 204వ అధికరణం చెబుతోంది కదా. అడగడానికి ఏమీ మిగలని వేళ ఎమ్మెల్యే చెయ్యెత్తితే అది ఆమోదం ఎలా అవుతుంది? మార్చి సప్లిమెంటరీలు ఆపేయాలంటాను.

పొలంగట్టు:
ఆపేస్తే ఎరువుల బస్తా ధర ఏమయ్యేదండీ? 2022 ఫిబ్రవరి 1న కేంద్ర బడ్జెట్ పెట్టారు, అదే నెల 24న ఉక్రెయిన్ యుద్ధం మొదలైంది. ఆ డిసెంబరులో పార్లమెంటును అదనంగా అడిగిన మొత్తంలో ఎరువుల సబ్సిడీకే దాదాపు 1.09 లక్షల కోట్లు. ఫిబ్రవరిలో కూర్చుని దాన్ని ఎవరు ఊహించగలరు? ఇంకోటి, పేపర్లో కనిపించే పెద్ద అంకె చూసి బెంబేలు పడకండి. అప్పుడు మొత్తం పద్దులు 4.36 లక్షల కోట్లు, ఖజానా నుంచి కొత్తగా కదిలేది 3.26 లక్షల కోట్లే. మిగతాది ఇతర పద్దుల మిగుళ్లు, అదనపు రాబడులతో సర్దుబాటయ్యేది.

పాతలెక్కలు:
సబ్‌ట్రెజరీలో చేసి రిటైరయ్యాను. ఓ మార్చి 30న హాస్టల్ వార్డెన్ ఒకావిడ 38 వేల కూరగాయల బిల్లు పట్టుకుని నా టేబుల్ ముందు నిలబడింది. ఆ పద్దులో మిగిలింది 31 వేలు. బడ్జెట్ చాలదని ఎర్రసిరాతో రాసి వెనక్కిచ్చాను. కూరగాయలాయన ముందు ఆవిడ ఎలా తలెత్తుకుందోనని ఇప్పటికీ బాధపడతాను.

అందుకే చెబుతున్నా, మీరిద్దరూ మాట్లాడుతున్నది చిన్న జబ్బు గురించి. అనుబంధ పద్దు ఏడాది ముగిసేలోపు కనీసం సభకు వస్తుంది. అదీ లేకుండా మంజూరు దాటిపోయిన ఖర్చు మరొకటుంది. ఏడాది ముగిశాక ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ నివేదికలో బయటపడుతుంది. శాసనసభ్యులుండే ప్రజాపద్దుల కమిటీ కారణాలు అడగాలి, ఆపైన 205వ అధికరణం కింద సభ క్రమబద్ధం చేయాలి. తెలంగాణలో 2014-15 నుంచీ ఇలాంటి మొత్తాలు పేరుకుపోయాయని కాగ్ వరుసగా రాసింది. ఆంధ్రప్రదేశ్‌నూ వదల్లేదు. వార్డెన్ విషయంలో ఏడు వేలకు ఒప్పుకోని రూలు అక్కడెందుకు పనిచేయదు?

న్యాయంగా ఒక మాట చెప్పాలి. ఆ దాటిపోయిన ఖర్చులో పెద్ద భాగం రిజర్వు బ్యాంకు నుంచి తీసుకున్న చేబదుళ్లు తీర్చినది. తీసుకుని తిరిగి కట్టిన ప్రతిసారీ ఖర్చు కింద లెక్కకెక్కి అంకె ఉబ్బుతుంది. అదంతా దుబారా అంటే తప్పు. అయితే ఏటా వాడే చేబదులుకు సరిపడా పద్దు ముందే పెట్టుకోవచ్చు.

కృష్ణాతీరం:
పెద్దాయనా, మీ మాటతో నా పట్టు కాస్త సడలింది. మార్చి పద్దు వద్దనను. కానీ యుద్ధాలు, వరదలు అనేవాళ్లకు ఒకటే ప్రశ్న. అవసరం ఆగస్టులో తెలిస్తే మార్చిదాకా ఎందుకు దాస్తారు? కేంద్రం వానాకాలం, శీతాకాలం సమావేశాల్లోనూ అనుబంధ పద్దులు తెస్తోంది. మన సభలూ మార్చికి ముందే కూర్చుంటాయిగా.

పొలంగట్టు:
అది ఒప్పుకుంటాను. నిజంగా ఆగలేని ఖర్చుకు ఆగంతుక నిధి ఎలాగూ ఉంది, కేంద్రం 2021లో దాన్ని 500 కోట్ల నుంచి 30 వేల కోట్లకు పెంచుకుంది. దాంట్లోంచి తీసినా తర్వాత సభ ఓటుతో పూడ్చాల్సిందే. కానీ ఆగస్టులో పద్దు తెచ్చినా చర్చ లేకుండా పాసైతే నాకేం ఒరిగింది?

పాతలెక్కలు:
తమ్ముడూ, చర్చకు సరుకు సభకిచ్చే అనుబంధ పద్దుల పుస్తకంలోనే ఉంటుంది. ప్రతి పద్దు కింద ఎందుకు కావలసివచ్చిందో రాస్తారు. కాగ్ నివేదికల్లో ఏటా కనిపించే మరో మాట కూడా చూడు: అనుబంధంగా మంజూరు చేయించుకుని, అసలు కేటాయింపే పూర్తిగా ఖర్చు చేయని శాఖల జాబితా. మీ ఎమ్మెల్యేను ముందు ఆ జాబితా గురించి అడుగు.