బాధలేవీ లేని గర్భిణికి యోని స్రావం పరీక్ష అవసరమా?

గుంటూరు అక్క:
మా చెల్లెలికి ఇప్పుడు అయిదో నెల. తెల్లబట్ట, దురద వంటి బాధలేవీ లేకపోయినా, డాక్టర్ గారు యోని స్రావం తీసి స్లైడు పరీక్ష చేయించమన్నారు. లోపల ఇన్‌ఫెక్షన్ ఉంటే నెలలు నిండకముందే కాన్పయ్యే ప్రమాదం ఉందనీ, వియన్నాలో ఇలా ముందే పరీక్షించి మందులిస్తే అటువంటి కాన్పులు తగ్గాయనీ చెప్పారు. ఏ బాధా లేని మనిషికి ఇది నిజంగా అవసరమా?

విశ్రాంత వైద్యురాలు:
వియన్నా సంగతి నిజమేనమ్మా. 2004లో వెలువడిన ఆ పరిశోధనలో నాలుగు వేలకు పైగా గర్భిణుల నుంచి 15–20 వారాల మధ్య స్రావం సేకరించి, సగం మంది ఫలితాలను వారి డాక్టర్లకు తెలిపి చికిత్స చేయించారు. మిగతా సగం మంది ఫలితాలను బయటపెట్టలేదు. 37 వారాలు నిండకుండానే నొప్పులొచ్చి కాన్పయినవారు మొదటి జట్టులో 3.0 శాతం, రెండో జట్టులో 5.3 శాతం.

అయినా ఆ ఒక్క ఫలితాన్ని పట్టుకుని ప్రతి గర్భిణికీ స్లైడు రాయడం నాకు సమ్మతం కాదు. సిఫిలిస్, మూత్ర పరీక్షల మాట వేరు, వాటి మీద తగవు లేదు. ఫ్రాన్స్‌లో 84 వేల మందికి పైగా పరీక్షించి, బ్యాక్టీరియల్ వెజైనోసిస్ (యోనిలో మేలుచేసే సూక్ష్మజీవులు తగ్గి, వేరే సూక్ష్మజీవులు పెరిగిపోవడం) ఉన్నట్టు తేలినవారిలో నెలలు నిండకముందే కాన్పయ్యే ముప్పు తక్కువగా ఉన్న 2,869 మందిలో కొందరికి క్లిండమైసిన్ అనే యాంటీబయాటిక్, కొందరికి మందు లేని మాత్రలు ఇచ్చి చూశారు. ఆలస్యపు గర్భస్రావాలూ, 32 వారాలలోపు కాన్పులూ కలిపి మందు వాడినవారిలో 1.2 శాతం, వాడనివారిలో 1.0 శాతం. అది 2018 మాట. మందే కదా, వాడితే పోయేదేముంది అనుకోవడానికీ లేదు: 2001లో అమెరికాలో బాధలు లేని ట్రైకోమోనాస్ అనే పరాన్నజీవి ఇన్‌ఫెక్షన్‌కు మెట్రోనిడజోల్ మందు ఇస్తే, నెలలు నిండని కాన్పులు 10.7 శాతానికి బదులు 19 శాతమయ్యాయి.

ల్యాబ్ టెక్నీషియన్:
మేడమ్ గారూ, వీటన్నిటినీ ఒకే గాటన కట్టడం సరికాదేమో. ఫ్రాన్స్‌లో చూసింది ఒక్క వెజైనోసిస్‌నే. వియన్నాలో క్యాండిడా అనే ఫంగస్, ట్రైకోమోనాస్ కూడా వెతికి, లోపల పెట్టే మందులతో మొదలుపెట్టి, 24–27 వారాల్లో మళ్లీ స్రావం తీసి చూశారు. వెజైనోసిస్ ఉన్న స్లైడులో కణాల అంచులు కనబడవు. ఇసుక చల్లినట్టు సూక్ష్మజీవులు కమ్మేసి ఉంటాయి. అటువంటి స్లైడు వచ్చినవారిలో చాలామంది తమకేమీ లేదనే చెబుతారు. బాధ ఉంటేనే చూద్దామంటే వీరందరూ తప్పిపోరా?

విశ్రాంత వైద్యురాలు:
తప్పిపోతారు, బాబూ. అయితే వారిని పట్టుకుని మందిచ్చినా కాన్పు వేళ మారనప్పుడు పట్టుకోవడం దేనికన్నదే నా ప్రశ్న. వియన్నా పద్ధతి వేరన్నది మాత్రం ఒప్పుకుంటాను. ఇంతకీ అమ్మా, చెల్లెలిది తొలి కాన్పేనా?

గుంటూరు అక్క:
రెండోదండీ. మొదటి బిడ్డ 32వ వారంలోనే నొప్పులొచ్చి పుట్టాడు.

విశ్రాంత వైద్యురాలు:
అది ముందే చెప్పాల్సిందమ్మా! నేను వద్దన్నది ముప్పు తక్కువున్నవారి విషయంలో. 2020లో అమెరికా నివారణ సేవల టాస్క్‌ఫోర్స్ (ఎవరికి ఏ పరీక్షలు అవసరమో సూచించే నిపుణుల బృందం) కూడా అటువంటివారికే ఈ పరీక్ష వద్దంది. మీ చెల్లెలి వంటివారి విషయంలో ఎటూ తేల్చడానికి ఆధారాలు చాలవంది. స్లైడు చేయించండి. గర్భాశయ ముఖద్వారం పొడవు చూసే స్కాన్ గురించి కూడా ఈ వారమే డాక్టర్ గారిని అడగండి. నన్నడిగితే స్లైడు కంటే అదే ముఖ్యం.